ఓపీ అంటే సరిపోదు: గేమింగ్ లీగుల నిర్వాహకులకు కర్నూలు నుంచి బహిరంగ లేఖ

ఆన్‌లైన్ గేమింగ్ లీగులు నడిపే అన్నలకు, మ్యాచుల కోసం ఆటలో రూములు తెరిచే హోస్టులకు, రూల్స్ కమిటీల్లో కూర్చునే పెద్దలకు నమస్కారం.

కర్నూలు నుంచి ఆయుధాల నిషేధం మీద లేఖ వచ్చిందంటే మీకు ముందు నవ్వొస్తుందని తెలుసు. సినిమాల పుణ్యమా అని మా సీమ పేరెత్తితే చాలు, సుమోలు గాల్లోకి లేస్తాయి. నవ్వడం అయిపోయాకే చదవండి, తొందరేం లేదు. నేను మాట్లాడేది ఫోన్ తెర మీద పేలే తుపాకుల గురించి.

సి.క్యాంపులో నాకొక చిన్న సెల్‌ఫోన్ రిపేరు షాపు ఉంది. పగలంతా డిస్‌ప్లేలు, ఛార్జింగ్ పిన్నులు మారుస్తుంటాను. సాయంత్రం ఆరు దాటాక షాపు వెనక గదిలో వైఫై కోసం ఐదుగురు పిల్లోళ్ళు చేరతారు. పిల్లోళ్ళంటే మరీ పిల్లలు కాదు. ఒకడు డిగ్రీ ఫైనలియర్, ఇద్దరు ఐటీఐ, ఒకడు బైక్ షోరూమ్‌లో పని, ఇంకొకడు ఆదోని నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉంటాడు. ఫ్రీ ఫైర్ మ్యాక్స్ అని ఫోన్లో తుపాకులతో ఆడే గేమ్ ఒకటుంది, అందులో వాళ్ళ జట్టుకు నేను మేనేజర్ని. మేనేజర్ అంటే పెద్దగా ఏం లేదు. ఫారాలు నింపాలి, కరెంటు పోతే ఇన్వర్టర్ చూసుకోవాలి, ఓడిపోయిన రోజు ఉగ్గాని బజ్జీ పెట్టించాలి. ఈమధ్య ఉగ్గాని ఖర్చు కొంచెం ఎక్కువే అవుతోంది.

పోయిన సీజన్‌లో ఒక లీగ్‌లో ఆడాం. దాని పేరు రాయను. రాస్తే ఇది ఆ ఒక్క లీగ్ మీద ఫిర్యాదు అయిపోతుంది, మిగతావాళ్ళంతా మాకేం సంబంధమని తప్పుకుంటారు. క్లాష్ స్క్వాడ్ మ్యాచులు. నలుగురి మీద నలుగురు, ప్రతి రౌండు ముందు ఆటలో చేతికొచ్చిన డబ్బును బట్టి తుపాకులు కొనుక్కుని దిగాలి. లీగ్ దశ దాటాం, క్వార్టర్స్ దాటాం. ఆదివారం పొద్దున పది గంటలకు సెమీఫైనల్.

శనివారం రాత్రి పదకొండు నలభైకి గ్రూపులో మెసేజ్ పడింది. "రేపటి నుంచి ఎం1887 బ్యాన్. డబుల్ వెక్టర్ బ్యాన్. ఎవరు వాడినా టీమ్ డిస్‌క్వాలిఫై. నో ఆర్గ్యుమెంట్స్." ఎం1887 ఒక షాట్‌గన్, డబుల్ వెక్టర్ అంటే రెండు చేతుల్లో చెరొకటి పట్టే తుపాకులు. ఆ మెసేజ్ కింద రెండు చేతులు జోడించిన బొమ్మ. అంత మాట అన్నాక ఆ దండం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఆదోని పిల్లోడు ఆ రాత్రి వాళ్ళ ఊళ్ళో ఉన్నాడు. పత్తి తీసే రోజులు, ఇంట్లో మనిషి అవసరం. పొద్దున్నే బస్సెక్కి పది నిమిషాల ముందు షాపుకొచ్చాడు. వాడికి నేను చెప్పాను. "సరేన్నా" అన్నాడు. కానీ రెండు నెలలుగా దగ్గర పోరాటాలన్నీ వాడు ఆ ఎం1887తోనే చేస్తున్నాడు. అందులో ఉండేది రెండే గుళ్ళు. గురి తప్పిందా, మళ్ళీ నింపుకునేలోపు మనం పోయినట్టే. అందుకే దాన్ని ఎత్తేముందు ఎక్కడ నిలబడాలో, ఎంత దగ్గరికి రానివ్వాలో వాడు లెక్కపెట్టి నేర్చుకున్నాడు. మూడో రౌండులో టెన్షన్‌లో వేలు దానంతటదే ఆ బొమ్మ మీదికి పోయింది. కొన్నాడు. తప్పు తెలిసి వెంటనే కింద పడేశాడు, ఒక్క గుండు కూడా పేల్చలేదు. అడ్మిన్ రికార్డింగులో దొరికింది. మ్యాచ్ పోయింది, సీజన్ పోయింది. "ఏందన్నా, దొంగతనం చేసినట్టు మాట్లాడతారు" అన్నాడు వాడు, గ్రూపులో మెసేజీలు చదువుతూ.

రూల్ తప్పాం, శిక్ష పడింది. దాని మీద నేను వాదించను. నేను అడిగింది వేరే. ఆ తుపాకీని ఎందుకు తీసేశారని మర్యాదగానే అడిగాను. గంట తర్వాత జవాబు వచ్చింది: "ఓపీ బ్రో."

ఓపీ అంటే ఓవర్ పవర్డ్ అని గేమ్ ఆడేవాళ్ళకు తెలుసు, ఉండాల్సిన దానికంటే బలం ఎక్కువ అని. మా కర్నూలు పెద్దాసుపత్రిలో కూడా ఓపీ ఉంటుంది. ఆ ఓపీ చీటీ మీద ఎంత రద్దీలోనైనా డాక్టరు జబ్బేమిటో ఒక ముక్క గెలుకుతాడు. మీ ఓపీలో అది కూడా లేదు. ఎవరి చేతిలో బలం ఎక్కువైంది? ఏ మ్యాచుల్లో? క్వార్టర్స్ దాకా లేని బలం శనివారం రాత్రి ఎక్కడినుంచి వచ్చింది?

జవాబు లేకపోయేసరికి గ్రూపుల్లో జనమే జవాబులు రాసుకున్నారు. ఫైనల్‌కు వెళ్ళిన ఒక జట్టుకు షాట్‌గన్ ఎదుర్కోవడం రాదు కాబట్టి తీసేశారని ఒకరు, అడ్మిన్ బామ్మర్ది ఆ జట్టులో ఉన్నాడని ఇంకొకరు. నాకు ఆ అడ్మిన్ ఎవరో తెలియదు, అతనికి బామ్మర్ది ఉన్నాడో లేదో అసలే తెలియదు. బహుశా అతను మంచి ఉద్దేశంతోనే తీసేసి ఉంటాడు. ఆ మంచి ఉద్దేశం రెండు వాక్యాల్లో రాసి ఉంటే బామ్మర్ది కథ పుట్టేదే కాదు.

ఇది రాస్తున్న నేను కూడా శుద్ధపూసను కాదు. రెండేళ్ళ కిందట మా షాపు తరఫున చిన్న టోర్నమెంటు పెట్టాను. ఎనిమిది జట్లు, గెలిచినవాళ్ళకు ఒక పవర్‌బ్యాంకు, మిగతావాళ్ళకు టెంపర్డ్ గ్లాసులు. అందులో గ్రెనేడ్లు వద్దన్నాను. ఎందుకని ఒక పిల్లోడు అడిగితే "నా రూము, నా రూలు" అన్నాను. ఎంత గొప్పగా అన్నానో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. వాడు వదల్లేదు, మళ్ళీ అడిగాడు. అప్పుడు అసలు సంగతి చెప్పాల్సి వచ్చింది: ఆడే ఫోన్లలో సగం 3 జీబీ ర్యామ్‌వి. వరసగా గ్రెనేడ్లు పేలితే ఫోన్ బిగుసుకుపోతుంది, ఆ అర సెకనులో మనిషి చచ్చిపోతాడు, తర్వాత గొడవ. వాడు విని, "దానికి గ్రెనేడ్లు తీసేయడం ఎందుకన్నా, అందరినీ గ్రాఫిక్స్ స్మూత్‌లో పెట్టుకోమను, వెనక యాప్‌లు మూసేయమను" అన్నాడు. రోజూ ఫోన్లు విప్పే నాకు ఆ మాట తట్టలేదు. మర్నాడు అలాగే చేశాం. గ్రెనేడ్లు తిరిగొచ్చాయి, ఫోన్లు బిగుసుకుపోవడం చాలావరకు తగ్గింది.

నా కారణం నా కడుపులోనే ఉండి ఉంటే, ఆ నిషేధం ఈరోజుకూ మా షాపు గోడ మీద ఉండేది. బయటపెట్టాను కాబట్టి దానికి వేరే మందు ఉందని ఇంకొకరు చూపించగలిగారు. ఈ లేఖలో నేను చెప్పదలచుకున్నది ఇదే. మమ్మల్ని గౌరవించడానికో, ఓదార్చడానికో కారణం రాయమని అడగడం లేదు. కారణం రాస్తే ఆ నిషేధం తప్పో ఒప్పో తేల్చడానికి ఒక దారి దొరుకుతుంది, అది ఎప్పుడు తీసేయాలో తెలుస్తుంది. కారణం లేని నిషేధం ఎప్పుడు ముగియాలో పెట్టినవాడికి కూడా తెలియదు. ఆ లీగ్‌లో మధ్యలో గేమ్ అప్‌డేట్ వచ్చింది, తుపాకుల లెక్కలు మారాయి. కొత్త సీజన్ రూల్స్‌లో మాత్రం పాత జాబితానే అక్షరం మారకుండా పెట్టారు. ఎందుకున్నాయో తెలియదు కాబట్టి తీసేసే ధైర్యం ఎవరికీ లేదు.

ఈ పని బాగా చేసినవాళ్ళు లేకపోలేదు. వాల్వ్ కంపెనీ 2007లో తెచ్చిన టీమ్ ఫోర్ట్రెస్ 2 అనే పాత గేమ్ ఒకటుంది. మన దగ్గర ఆడేవాళ్ళు తక్కువ. దాన్ని పోటీగా ఆడే లీగులు యూరప్‌లో, అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఏళ్ళ తరబడి ఆటగాళ్ళే నడుపుకుంటూ వచ్చారు. ఆ గేమ్‌లో తొమ్మిది రకాల పాత్రలు, పాత్రకొక సంచెడు ఆయుధాలు. కంపెనీ కొత్త ఆయుధాలు వేస్తూ పోయేది, లీగులవాళ్ళు ఏది ఉండాలో ఏది వద్దో ఒక వైట్‌లిస్టు కట్టేవాళ్ళు. వాళ్ళ వాదనలు చదువుతుంటే మా ఊరి రచ్చబండ గుర్తొస్తుంది. ఒక్కో ఆయుధం మీద నెలల కొద్దీ తగువు.

అందులో రాంగ్లర్ అని ఒకటి. ఇంజనీరు పాత్ర తన ఆటోమేటిక్ తుపాకీ గూడును దీనితో చేతి అదుపులోకి తీసుకుంటాడు. అప్పుడు ఆ గూడు చుట్టూ ఒక కవచం వచ్చి, తగిలే దెబ్బలో మూడింట రెండొంతులు మింగేస్తుంది. ఆరుగురి మీద ఆరుగురు ఆడే పద్ధతిలో దీన్ని నిషేధించారు. తొమ్మిది మంది మీద తొమ్మిది మంది ఆడే హైలాండర్ పద్ధతిలో ఉండనిచ్చారు. ఆయుధం ఒకటే, గేమ్ ఒకటే. తేడా ఎక్కడంటే, ఆరుగురి ఆట వేగంగా కదలాలి. చివరి స్థావరంలో ఒక ఇంజనీరు ఈ కవచం వేసుకుని కూర్చుంటే ఆట అక్కడే మొద్దుబారుతుంది. తొమ్మిది మంది ఆటలో ప్రతి పాత్రా ఒక్కొక్కటి ఉండాల్సిందే కాబట్టి, అవతలి జట్టులో ఆ గూడును పడగొట్టడానికే ఒక గూఢచారి, ఒక స్నైపరు, ఒక బాంబులవాడు ఎలాగూ ఉంటారు. అంటే వాళ్ళు నిషేధించింది 'బలమైన ఆయుధాన్ని' కాదు, 'ఈ పద్ధతిలో ఆటను ఆపేసే ఆయుధాన్ని'. ఒక్క "ఓపీ" అనే మాటతో ఈ తేడా ఎలా చెప్తారు?

క్విక్ ఫిక్స్ అనే వైద్యుడి ఆయుధం కూడా ఆరుగురి ఆటలో అలాగే పోయింది. మామూలు వైద్యం తుపాకీ ఛార్జ్ నిండాక ఎనిమిది సెకన్లు దెబ్బ తగలని వరం ఇస్తుంది. బిగుసుకున్న ఆటను పగలగొట్టేది ఆ ఎనిమిది సెకన్లే. క్విక్ ఫిక్స్ ఆ వరం ఇవ్వదు, కానీ గాయాలను చాలా వేగంగా మాన్పుతుంది, తను కూడా త్వరగా నిండుతుంది. మనుషులు చావకుండా సాగుతూ ఉంటే చూసేవాడికీ ఆడేవాడికీ విసుగు. ఇక్కడ కారణం బలం కాదు, విసుగు. విసుగు కూడా న్యాయమైన కారణమే అని నేను ఒప్పుకుంటాను, ఆ మాట దాచకుండా చెప్తే.

ఇంకో సంగతి కూడా వాళ్ళ దగ్గర నేర్చుకోవాలి. వైట్‌లిస్టు అంటే ఊరికే గ్రూపులో పెట్టే మెసేజ్ కాదు, సర్వర్లో పెట్టే ఫైలు. అందులో లేని ఆయుధాన్ని ఆటగాడు తెచ్చుకున్నా సర్వరు ఇవ్వదు, దాని బదులు మామూలు ఆయుధం చేతిలో పెడుతుంది. పొరపాటున వేలు తగిలితే సీజన్ పోవడం అనేది ఉండదు. మన ఫోన్ గేముల్లో అన్నిటికీ ఆ సౌకర్యం లేకపోవచ్చు. లేనప్పుడు శిక్షయినా పొరపాటుకు తగ్గట్టు ఉండాలి. వద్దన్న తుపాకీని ముందర పెట్టి, ముట్టుకుంటే ఇంటికి పొమ్మనడం ఎలుకల బోనులో ఎండుచేప పెట్టినట్టుంది.

ఇక మా జిల్లా సంగతికొస్తాను. హొళగుంద మండలం దేవరగట్టులో దసరా రాత్రి జరిగే బన్ని ఉత్సవం గురించి మీరు టీవీల్లో చూసే ఉంటారు. మాళమ్మ, మల్లేశ్వర స్వామి కల్యాణం అయ్యాక ఉత్సవమూర్తుల కోసం ఊళ్ళకు ఊళ్ళు కర్రలతో తలపడతాయి. ప్రతి ఏడాదీ తలలు పగులుతాయి. ఆ ఆచారం ఉండాలా వద్దా అన్నది వేరే చర్చ, నాకు దాని మీద నా అభిప్రాయం ఉంది కానీ ఇక్కడ చెప్పను. చెప్పేదల్లా ఒకటే. ప్రతి ఏడాదీ పండగకు ముందే పోలీసులు ఊళ్ళు తిరిగి, ఇనుప రింగులు తొడిగిన కర్రలు తేవద్దని చెప్తారు, దొరికితే తీసుకుపోతారు. జనం అన్నిసార్లూ వింటారని కాదు. కానీ రింగు కర్ర ఎందుకు వద్దో అక్కడి నెరణికి ఊళ్ళో పదేళ్ళ పిల్లవాడిని అడిగినా చెప్తాడు. ఉత్త కర్ర తగిలితే బొప్పి కడుతుంది, రింగు తగిలితే పుర్రె లేస్తుంది.

బండలాగుడు పోటీలు చూడండి. పళ్ళను బట్టి ఎద్దులను విభాగాలు చేస్తారు, రెండు పళ్ళవి, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి, ఆపైన సీనియర్స్. పాలపళ్ళ కోడెను సీనియర్ జతతో ఎందుకు కట్టకూడదో ఎవరూ అడగరు, అందరికీ తెలుసు. ముల్లుకర్ర సంగతీ అంతే. బండి లాగే పశువుల గురించి కేంద్రం 1965లో చేసిన నియమాలు ముళ్ళున్న కర్ర వాడకూడదని చెప్తూ, గాయమూ వాపూ నొప్పీ కలిగించే పరికరం ఏదైనా వద్దని అదే వాక్యంలో రాశాయి. నిషేధమూ కారణమూ ఒకే వాక్యంలో ఉన్నాయి. అందుకే రేపు ఎవడైనా ముల్లు తీసేసి మేకు దిగ్గొట్టుకుని వస్తే, "ఇది ముల్లు కాదు కదా" అనడానికి వీల్లేదు.

ఈటె కథ ఇంకా బాగుంటుంది. 1984లో తూర్పు జర్మనీ ఆటగాడు ఊవే హోన్ 104.80 మీటర్లు విసిరాడు. మనం 2025 మేలో నీరజ్ చోప్రా దోహాలో 90.23 మీటర్లు విసిరితే పండగ చేసుకున్నాం కదా, ఆ 104 ఏమిటి మరి? ఈటె వేరు. అప్పటి ఈటెలు స్టేడియం అవతలి అంచు దాకా పోయేలా ఉన్నాయి, పైగా చాలాసార్లు బల్లపరుపుగా పడి, మొన ముందు తగిలిందో లేదో తేల్చలేక తగువులొచ్చేవి. అందుకని 1986 నుంచి మగవాళ్ళ ఈటె బరువు కేంద్రాన్ని నాలుగు సెంటీమీటర్లు ముందుకు జరిపారు. మొన త్వరగా వంగి నేలకు దిగుతుంది. కారణం అందరికీ తెలుసు కాబట్టి తర్వాత తయారీదార్లు తోకను గరుకుగా చేసి మళ్ళీ దూరం పెంచినప్పుడు, 1991లో దాన్నీ ఆపారు, ఆ ఈటెలతో సాధించిన రికార్డులనూ కొట్టేశారు. ఆ రికార్డులు పెట్టినవాళ్ళకు కడుపు మండి ఉంటుంది. కానీ ఎందుకో వాళ్ళకు తెలుసు.

మీ లీగుల్లో కారణాలు నాకు తెలిసినంతవరకు నాలుగైదు రకాలు. ఒకటి నిజంగానే బలం ఎక్కువ. ఇంకొకటి గేమ్‌లో లోపం, గోడలోంచి గుండు పోవడం లాంటిది. అది కంపెనీ సరిచేసే దాకానే. మూడోది విసుగు. నాలుగోది ఫోన్లు. ఐదోది డబ్బు, దీని గురించి ఎవరూ బయటికి మాట్లాడరు. ఫ్రీ ఫైర్‌లో గన్ స్కిన్ అంటే రంగు మాత్రమే కాదు, కొన్ని స్కిన్లు తుపాకీ దెబ్బనో వేగాన్నో పెంచుతాయి. డబ్బు పోసి డైమండ్లు, అంటే ఆటలో చెల్లే నాణేలు, కొన్నవాడి తుపాకీ కొనలేనివాడి తుపాకీకంటే కొంచెం ఎక్కువ తుపాకీ. అందుకే చాలా రూముల్లో గన్ అట్రిబ్యూట్స్, అంటే స్కిన్ల వల్ల వచ్చే ఆ అదనపు బలం, ఆఫ్ చేస్తారు. చాలా మంచి పని. మరి ఆఫ్ చేసినట్టు, ఎందుకు చేసినట్టు గొప్పగా రాసుకోండి! హాస్టల్ మెస్ బిల్లు కట్టడానికే కిందామీదా పడే మా ఆదోని పిల్లోడికి, ఈ లీగ్‌లో డబ్బు గెలవదు అనే ఒక్క వాక్యం చాలు, ప్రాణం లేచొస్తుంది. అది కూడా రాయకపోతే ఎలా?

పెద్ద కంపెనీలు కూడా తప్పులు చేశాయి. 2018 డిసెంబరులో ఫోర్ట్‌నైట్ అనే గేమ్‌లో ఇన్ఫినిటీ బ్లేడ్ అనే కత్తి దింపారు, సరిగ్గా పెద్ద పోటీ నడుస్తుండగా. దానికి ఎదురు లేకపోయింది. ఆటగాళ్ళు గోల పెడితే రోజుల్లోనే తీసేశారు, తప్పు చేశామని ఒప్పుకున్నారు కూడా. ఒప్పుకుంటే ఎవరి పరువూ పోలేదు, గేమ్ ఇంకా నడుస్తూనే ఉంది.

నిర్ణయం ఎవరు చేయాలన్నదానికి ఒకే పద్ధతి లేదు, నేను కూడా ఒకటే సరైనదని చెప్పను. పోకెమాన్ గేమ్ పోటీలు నడిపే స్మోగన్ అనే వెబ్‌సైట్లో ఒక పోకెమాన్‌ను, అంటే ఆటలోని ఒక జీవిని, తీసేయాలా వద్దా అని ఓటు పెడతారు. ఓటు కావాలంటే ముందు ఆడి ఫలానా స్థాయికి చేరాలి, తీసేయాలంటే సగం కంటే బాగా ఎక్కువ మంది ఒప్పుకోవాలి. లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే గేమ్‌లో 2017 నుంచి ప్రతి మ్యాచ్ ముందు రెండు జట్లూ చెరి ఐదు పాత్రలను తీసేస్తాయి, భారం నిర్వాహకుల మీద ఉండదు. వాల్వ్ అయితే 2016లో తన సొంత కాంపిటీటివ్ మోడ్ తెచ్చినప్పుడు ఏ ఆయుధాన్నీ నిషేధించలేదు. అందులోనూ ఒక న్యాయం ఉంది. అందరూ వాడితేనే కదా ఏది చెడగొడుతోందో తయారుచేసినవాళ్ళకు తెలిసేది.

నాకు నచ్చని పద్ధతి ఒకటుంది. కాల్ ఆఫ్ డ్యూటీ అనే తుపాకుల గేమ్ పెద్ద పోటీల్లో ప్రొఫెషనల్ ఆటగాళ్ళు తమలో తాము మాట్లాడుకుని ఫలానా తుపాకులు వాడొద్దని ఒప్పందం చేసుకుంటారు. లీగ్ రూల్స్‌లో ఉండదు, చూసేవాళ్ళకు చెప్పరు. ఎవడైనా తప్పితే అప్పుడు బయటపడుతుంది. వాళ్ళు దాన్ని జెంటిల్‌మన్స్ అగ్రిమెంట్ అంటారు. పెద్దమనుషుల ఒప్పందం! ఈ మాట వింటే మా సీమవాళ్ళ చెవులు నిక్కబొడుచుకుంటాయి. 1937 శ్రీబాగ్ ఒప్పందంలో మాకేమేమి ఇస్తామన్నారో, 1953లో కర్నూలుకు వచ్చిన రాజధాని 1956లో ఎటు పోయిందో మా తాతలు చెప్పగా విన్నవాళ్ళం. ఒప్పందాలు కాగితం మీద ఉంటేనే ఇంత కథ నడిచింది, కాగితమే లేని ఒప్పందాన్ని మేం ఏం నమ్ముతాం?

మీరు అనుకోవచ్చు, ఇదేమైనా ప్రభుత్వమా, ప్రతిదానికీ జీవో ఇవ్వడానికి అని. 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్‌తో కలిపి 118 యాప్‌లను నిషేధించినప్పుడు కేంద్రం కూడా ఏ సెక్షన్ కింద, దేనికోసమో ఒక ప్రకటనలో రాసింది. మా షాపులో ఆరోజు ఏడ్చినంత పని చేసిన పిల్లోళ్ళు ఆ కారణాన్ని ఒప్పుకున్నారా లేదా అన్నది పక్కన పెట్టండి. వాదించడానికి వాళ్ళ ముందు ఒక వాక్యం ఉంది. ఇప్పుడు 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందెం ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌కు వేరే స్థానం ఇచ్చింది. ఆ చట్టం ఈ-స్పోర్ట్ అంటే ఏమిటో చెప్పేచోట, ముందుగా నిర్ణయించిన నియమాల ప్రకారం జరిగే పోటీ అని ఉంది. ముందుగా అన్న మాట చూశారా? శనివారం రాత్రి పదకొండు నలభై ముందుగా కిందికి వస్తుందా, మీరే చెప్పండి.

మీకు పని ఎక్కువని తెలుసు. మీలో చాలామంది నాలాగే పగలు ఇంకో ఉద్యోగం చేసుకుని రాత్రుళ్ళు రూములు నడుపుతున్నారు. పేజీలు పేజీలు రాయమనడం లేదు. ఎలా ఉంటే చాలో నేనే ఒక నమూనా రాశాను, లెక్కలు ఊరికే వేసినవి, మీవి మీరు పెట్టుకోండి:

"వచ్చే సోమవారం నుంచి ఎం1887 వాడకూడదు. పోయిన 12 మ్యాచులు చూశాం. రౌండు గెలిచిన జట్టులో ఎక్కువసార్లు కనీసం ఇద్దరి చేతుల్లో ఇదే ఉంది, దీన్ని ఎదుర్కోవడానికి అవతలివాళ్ళూ ఇదే కొంటున్నారు, మిగతా తుపాకులు ముట్టుకునేవాళ్ళు లేరు. ముగ్గురు అడ్మిన్లు, ఇద్దరు కెప్టెన్లు కూర్చుని నిర్ణయించాం. ఒక కెప్టెన్ ఒప్పుకోలేదు, గ్లూ వాల్ (అప్పటికప్పుడు లేపే అడ్డుగోడ) సరిగ్గా వేస్తే దీన్ని ఆపొచ్చని ఆయన వాదన. నడుస్తున్న నాకౌట్ మ్యాచులకు ఇది వర్తించదు. గేమ్‌లో ఈ తుపాకీ మారినా, ఈ సీజన్ అయిపోయినా మళ్ళీ చూస్తాం. పొరపాటున కొంటే ఆ రౌండు పోతుంది, మ్యాచ్ పోదు."

పది వరసలు కూడా లేదు. ఇందులో నాకు అన్నిటికంటే ఇష్టమైన వాక్యం ఒప్పుకోని కెప్టెన్‌ది. అది చదివిన ఏదో ఒక జట్టు రేపు గ్లూ వాల్ ఎలా వేయాలో సాధన చేసి వచ్చి, "చూడండి, ఆపొచ్చు" అని చూపించవచ్చు. అప్పుడు ఆ నిషేధం ఎత్తేసినా మీరు ఓడిపోయినట్టు కాదు.

కొత్త సీజన్‌కు మేం మళ్ళీ పేరిచ్చాం. ఆదోని పిల్లోడు ఇప్పుడు ఎంపీ40 అనే ఇంకో తుపాకీ నేర్చుకుంటున్నాడు. నిన్న రాత్రి షట్టర్ దించుతుంటే, "అన్నా, దీన్నెప్పుడు బ్యాన్ చేస్తారో కనుక్కో. ముందే తెలిస్తే చేయి అలవాటు చేసుకోను" అన్నాడు. కనుక్కుంటానని చెప్పాను.

ఇట్లు,
సి.క్యాంపులో సెల్‌ఫోన్లు బాగుచేసే ఒక టీమ్ మేనేజర్,
కర్నూలు.